మంత్రసాధన దేనికోసం?

సభకు నమస్కారం.

ఏ మంత్రం జపిస్తే ఏ ఫలం దక్కుతుందో తెలుసుకోవాలని ఈ సభకు వచ్చినవారు కొందరు ఉండవచ్చు. ఆ పట్టిక నేను చెప్పబోవడం లేదు. అసలు సాధన ఎందుకు చేయాలన్న ఒక్క ప్రశ్ననే ఈ సాయంత్రం మీతో కలిసి ఆలోచించాలని నా కోరిక. ఈ ప్రశ్నను హేతువాదులు కొత్తగా లేవనెత్తారని చాలామంది అనుకుంటారు గాని, మన కర్మకాండే ప్రతి సాధకుణ్ణీ మొట్టమొదట అడిగే ప్రశ్న ఇది. ఇంట్లో చిన్న వ్రతం చేసుకున్నా, ఆచమనం, ప్రాణాయామం కాగానే పురోహితుడు సంకల్పం చెప్పిస్తారు. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండంతో మొదలుపెట్టి, సంవత్సరం, మాసం, తిథి, గోత్రం, పేరు వరుసగా చెప్పి, ఈ పని దేనికోసం తలపెట్టామో చివరికి నోరు తెరిచి చెప్పాలి. ‘మమ ఉపాత్త సమస్త దురితక్షయ ద్వారా శ్రీ పరమేశ్వర ప్రీత్యర్థం’ అని పురోహితుడు వేగంగా చదువుతారు, మనం అంతకంటే వేగంగా అప్పజెబుతాం. నేను పోగుచేసుకున్న పాపం నశించాలి, దాని ద్వారా పరమేశ్వరుడికి ప్రీతి కలగాలి అని దాని అర్థం. సాధన మొత్తంలో అన్నిటికంటే ఎక్కువసేపు ఆగి ఆలోచించవలసిన చోటు అదేనని నా నమ్మకం.

అలాగని, కోరికతో దేవుణ్ణి ఆశ్రయించడం తక్కువ పని అని నేను అనను. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మన విశాఖలో సింహాచలం కొండ కింది మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు లక్షలమంది బయలుదేరుతారు. వారిలో బిడ్డ జబ్బు నయం కావాలని నడిచే తల్లి ఉంటుంది, ఉద్యోగం కోసం మొక్కుకున్న కుర్రవాడు ఉంటాడు, ఈ నడకలో ఏముందో తెలుసుకుందామని వచ్చినవారు, ఏ కోరికా లేకుండా అప్పన్న మీది ప్రేమతో వచ్చినవారు కూడా ఉంటారు. గీత ఏడో అధ్యాయం ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని నలుగురు భక్తులను పేర్కొని, జ్ఞానిని అందరికంటే పైన నిలిపినా, నలుగురినీ ఉదారులనే అంటుంది. కాబట్టి అడగడంలో దోషం లేదు. ఎదుటివాడి మీద అధికారం కావాలని అడగడం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

సిద్ధుల, అంటే సాధనతో వస్తాయనే అతీత శక్తుల మాటకు వద్దాం. యోగసూత్రాలు రాసిన పతంజలి వాటిని కాదనలేదు. పుట్టుకవల్ల, ఔషధాలవల్ల, మంత్రంవల్ల, తపస్సువల్ల, సమాధివల్ల సిద్ధులు కలుగుతాయని ఆ గ్రంథంలోని కైవల్యపాదం మొదటి సూత్రంలోనే చెప్పాడు. విభూతిపాదంలో మాత్రం, ఇవి బాహ్యదృష్టికి సిద్ధులుగా కనిపించినా సమాధికి విఘ్నాలేనని స్పష్టంగా హెచ్చరించాడు. యోగమంటే చిత్తవృత్తులను నిరోధించడమని నిర్వచించిన మనిషి, ఆ చిత్తాన్ని మరింత ఉబ్బించే శక్తిని గమ్యంగా ఎలా ఒప్పుకుంటాడు?

భీమిలి రోడ్డులో, మంగమారిపేట దగ్గర సముద్రానికి ఎదురుగా ఉన్న తొట్లకొండను మీలో చాలామంది చూసే ఉంటారు. దాదాపు రెండువేల ఏళ్ల కిందట అక్కడి విహారాల్లో నివసించిన భిక్షువులు ఏ బుద్ధుణ్ణి అనుసరించారో, ఆయన్ని నాలందాలో కేవట్టుడనే గృహస్థు ఒక కోరిక కోరినట్టు బౌద్ధ గ్రంథం దీఘనికాయంలో ఉంది. ఊరివాళ్లకు మరింత విశ్వాసం కలిగేలా ఒక భిక్షువు చేత అద్భుతం చేయించమని అతను మళ్లీ మళ్లీ బతిమాలాడు. గాలిలో ఎగిరి చూపిస్తే నమ్మనివాడు అది గాంధారీ విద్య అనే మంత్రప్రయోగం అంటాడని, ఎదుటివారి మనసులోని మాట చెబితే మణికా విద్య అనే మరో మంత్రమంటాడని, అందుకే ఆ రెండూ తనకు రోతగా తోస్తాయని బుద్ధుడు జవాబిచ్చాడు. ఎలా ఆలోచించాలో, దేన్ని విడిచిపెట్టాలో మనిషికి బోధించి అతన్ని మార్చడమే ఆయన మెచ్చిన అద్భుతం. మన కొండల మీద ఇటుకలు మిగిల్చి వెళ్లిన ఆ భిక్షుసంఘం వారసత్వంలో ఈ సంభాషణను నేను చాలా విలువైనదిగా భావిస్తాను.

ఈ శక్తులు నిజంగా ఉన్నాయా అన్న పరిశోధనకూ మన ఊరికి సంబంధం ఉంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రైన్ అనే పరిశోధకుడు ఐదు గుర్తులున్న 25 కార్డులతో, కనపడని కార్డు మీద ఏ గుర్తుందో చెప్పమని పరీక్షలు జరిపేవాడు. ఊహించి చెబితే సగటున ఐదు సరిపోతాయి, పదేపదే అంతకు మించితే దానికి కారణం వెతకాలి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన ఆచార్య కె. రామకృష్ణారావు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మనస్తత్వ, పరామనస్తత్వ (అతీత మానసిక శక్తులను పరిశీలించే) శాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. ఇలాంటి శక్తులు ఉన్నాయని చూపే ఫలితాలను శాస్త్రలోకంలో అత్యధికులు అంగీకరించలేదు. ఆ వాదం ప్రయోగశాలలో తేలవలసినది. రేపు ఎవరైనా 25 కార్డులూ తప్పు లేకుండా చెప్పగలిగినా, అతని కోపం తగ్గిందా, ఆశ తగ్గిందా అన్న ప్రశ్నకు మాత్రం ఆ కార్డులలో జవాబు దొరకదు.

ఇక చెప్పడానికి బాధ కలిగించే విషయం ఒకటుంది. తంత్రగ్రంథాలు శాంతి, వశ్యం (లొంగదీసుకోవడం), స్తంభనం (కదలకుండా చేయడం), విద్వేషణం (పగ పెట్టడం), ఉచ్చాటనం (వెళ్లగొట్టడం), మారణం (చంపడం) అని షట్కర్మలను చెప్పాయి. శాంతి తప్ప మిగిలినవన్నీ ఇంకొకరి ఇచ్ఛ మీదనో, బతుకు మీదనో గురిపెట్టినవే. పరులను నాశనం చేయడం కోసం చేసే తపస్సు తామసమని గీత పదిహేడో అధ్యాయం తేల్చి చెప్పాక ఇందులో సందేహానికి తావు లేదు. పగ తీర్చుకోవడానికి మంత్రం అడిగేవారికి నేను ఇచ్చే సమాధానం ఇదే. ఈ నమ్మకానికి మరో ముఖం కూడా ఉంది. మన ఏజెన్సీ గ్రామాల్లో చిల్లంగి, అంటే చేతబడి పెట్టారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. మన్యంలో జ్వరం వస్తే ముందుగా అనుమానించవలసింది మలేరియాను, పక్కింటి ముసలమ్మను కాదు. తాయెత్తు, మంత్రం, కవచం వంటివాటితో రోగాలు కుదురుస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది. జపం వల్ల రోగికి ధైర్యం కలిగితే మంచిదే. మాత్ర మానేయమని ఏ గురువైనా చెబితే ఆ గురువునే మానేయండి.

మరి సాధన మనలను ఎటు నడిపించాలి? మంత్రం సిద్ధించడానికి చేసే నియమబద్ధమైన జపం, పురశ్చరణ పద్ధతిని నిదానంగా పరిశీలిస్తే సమాధానం అందులోనే కనిపిస్తుంది. మంత్రంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షల జపం చేయాలని ఒక సంప్రదాయం. శివపంచాక్షరికి ఐదు లక్షల జపం, అందులో పదోవంతు, అంటే యాభైవేలు హోమం, దానిలో పదోవంతు ఐదువేలు తర్పణం (నీళ్లు వదలడం), ఐదువందలు మార్జనం (నీళ్లు చల్లుకోవడం), ఆఖరికి యాభైమందికి భోజనం. ఈ ఐదు అంగాలూ పూర్తయితేనే పురశ్చరణ పూర్తయినట్టు. ఎవరికీ వినపడకుండా ఒంటరిగా పెదవుల మీద మొదలైన పని, అగ్నిని, నీటిని దాటి, చివరికి ఎదుటివాడి విస్తరి దగ్గరికి చేరుతుంది. శాస్త్రం చెప్పింది బ్రాహ్మణ భోజనమే అయినా, కేజీహెచ్ ఆసుపత్రి బయట రోగుల వెంట వచ్చి చెట్ల కింద పడిగాపులు కాసేవారికి అన్నం పెడితే ఆ అంగం లోపించిందని నేను అనుకోను. అక్కడిదాకా రాకుండా లెక్క దగ్గరే ఆగిపోయి, ఇన్ని లక్షలు చేశానని చెప్పుకునేవారిని చూస్తే నాకు దిగులు కలుగుతుంది. గౌరవం కోసం, పూజలందుకోవడం కోసం చేసే తపస్సును అదే పదిహేడో అధ్యాయం రాజసమనీ, చలమనీ, అధ్రువమనీ, అంటే నిలకడలేనిదనీ అంది.

సాధన పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుందని అడుగుతారు. కలలు, వెలుగులు, చెవిలో నాదాలు నాకు చెప్పవద్దు. ఇంట్లో మీ గొంతు వినగానే పిల్లలు బెదిరే అలవాటు తగ్గిందా, ఆఫీసులో మీ కింద పనిచేసేవారు తమ పొరపాటును దాచకుండా మీతో చెప్పగలుగుతున్నారా, అది గమనించండి. ఈ పరీక్షకు మార్కులు వేయవలసినవారు మీతో బతికేవారే.

తీరిక లేదని సందేహించేవారికి చివరగా ఒక మాట. గాయత్రి ఉపదేశం పొందినవారికి సంధ్యలో 1008, కుదరకపోతే 108, అదీ కుదరకపోతే 28, కనీసం 10 అని పెద్దలు వెసులుబాటు ఇచ్చారు. ఈ వెసులుబాటును ఏ నామం జపించేవారికైనా నేను వర్తింపజేస్తాను. ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషి ఆ పదిసార్లు అర్థం మనసులో నిలుపుకొని జపించి, ఏ అపరాధభావమూ లేకుండా పడుకోవచ్చు.