మీ టేబుల్లో 5-9 ఏళ్ల పిల్లలు ఏమైపోయారు?

నమస్తే అండి. గణాంకాలకి వాడే ఆర్ (R) ప్రోగ్రామ్ నుంచి టేబుల్ని ఫైలుగా రాసుకున్నవాళ్ల దగ్గర్నుంచి "ఆర్‌లో టేబుల్ బాగానే వచ్చింది, ఎక్సెల్‌లో చూస్తే అంతా పాడైపోయింది, కోడ్‌లో బగ్ ఉంది" అని కామెంట్లు వస్తూనే ఉన్నాయి. కోడ్‌లో ఏ బగ్గూ లేదండి. ఆర్ రాసిచ్చిన సీఎస్‌వీ ఫైల్ని, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్ని, ఒక్కసారి నోట్‌ప్యాడ్‌లో తెరవండి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. గొడవంతా మనం ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరవడం వల్లే.

[స్క్రీన్ మీద: రక్తహీనత టేబుల్, వయసు కాలమ్]

ఈ వరస చూడండి. వయసు 5-9. ఎక్సెల్ దీన్ని తేదీ అనుకుంది. మన సెట్టింగుల్లో సెప్టెంబర్ 5 అయిపోయింది. ఇదే ఫైలు అమెరికాలో ఉన్న కో-ఆథర్ తెరిస్తే మే 9. కింద 15-19 మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే 15వ నెలా లేదు, 19వ నెలా లేదు. కాలమ్‌లో కొన్ని బాగుండి కొన్ని మారితే ఎవరి కంటికి ఆనుతుంది చెప్పండి?

"సెల్ ఫార్మాట్ టెక్స్ట్‌కి మారిస్తే పోతుందిగా" అంటారు. మారుద్దాం. 5-9 రాలేదు, 45905 వచ్చింది! 2025 సెప్టెంబర్ 5కి ఎక్సెల్ లోపల రాసుకునే నంబరు అది. సేవ్ కొట్టారా, మీ 5-9 ఇక ఆ ఫైల్లో లేనట్టే.

5-9 కనీసం తేదీలా కనిపించి దొరికిపోతుంది. దొరకనిది బ్రాకెట్. స్టాండర్డ్ ఎర్రర్‌ని, అంటే మన అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకెని, మనం (0.45) అని రాస్తాం. అకౌంట్స్ పద్ధతిలో బ్రాకెట్ అంటే మైనస్. అందుకని ఎక్సెల్ దాన్ని -0.45 చేసేస్తుంది. స్టాండర్డ్ ఎర్రర్ మైనస్‌లో ఎలా ఉంటుందండి? నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదం ఇదే.

జన్యువుల మీద పరిశోధన చేసేవాళ్లకి ఈ బాధ పాతదే. సెప్ట్2, మార్చ్1 లాంటి పేర్లు తేదీలైపోతుంటే, చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది, సెప్టిన్2, మార్చ్ఎఫ్1 అని. 2023లో ఎక్సెల్ ఈ మార్పిడిని ఆపే ఆప్షన్ ఇచ్చింది. కానీ అది అక్షరాలూ అంకెలూ కలిసిన పేర్ల కోసం. మన 5-9కి దాన్ని నమ్ముకోకండి.

టైమ్ అయిపోతోంది, పరిష్కారం గబగబా చెప్పేస్తాను. సీఎస్‌వీ జోలికే వెళ్లకండి. ఆర్‌లో రైట్‌ఎక్స్ఎల్ (writexl) గానీ ఓపెన్‌ఎక్స్ఎల్ఎస్ఎక్స్ (openxlsx) గానీ, ఈ ప్యాకేజీల్లో ఒకటి వాడి నేరుగా ఎక్సెల్ ఫైలే రాయండి. టెక్స్ట్‌గా పంపింది టెక్స్ట్‌గానే ఉంటుంది. 0.50 కూడా 0.5 అయిపోదు. టేబుళ్లు చేయడానికి జీటీసమ్మరీ (gtsummary) ప్యాకేజీ వాడేవాళ్లకి యాజ్-హక్స్-ఎక్స్ఎల్ఎస్ఎక్స్ అనే ఫంక్షన్ ఉంది. పేపర్‌తో పాటు ఇచ్చే సప్లిమెంటరీ ఫైల్ అయితే మీన్‌కి (సగటుకి) ఒక కాలమ్, స్టాండర్డ్ ఎర్రర్‌కి ఇంకో కాలమ్ పెట్టి, బ్రాకెట్లు తీసేయండి. చదివేవాళ్లు వాటితో మళ్లీ లెక్కలు చేసుకోవాలి కదా.

సీఎస్‌వీ తప్పదంటే డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్ నొక్కి, డేటా టైప్ కనిపెట్టొద్దు అన్న ఆప్షన్ ఎంచుకోండి. ప్లస్-మైనస్ గుర్తు పక్కన పిచ్చి అక్షరం వస్తోందా? అది ఎన్‌కోడింగ్ (ఫైల్లో అక్షరాల్ని దాచే పద్ధతి) గొడవ, రీడ్ఆర్ (readr) ప్యాకేజీలోని రైట్-ఎక్సెల్-సీఎస్‌వీతో రాస్తే పోతుంది.