షో డేట్ కాదు, మగ్గం డేట్ చూస్కోండి

అందరికీ నమస్తే. ఫైనలియర్ పిల్లల మొహాలు చూస్తే సగం మందికి నిద్రలేనట్టుంది, గ్రాడ్యుయేషన్ షో దగ్గర పడింది కదా, మీ టైమ్ ఎక్కువ తిననులెండి. నేను డిజైనర్ని కాదు, ప్రొడక్షన్ చూసుకుంటా, అంటే డిజైనర్ స్కెచ్ గీసి హాయిగా వెళ్లిపోయాక డైయింగ్ దగ్గర్నుంచి డెలివరీ దాకా తిట్లు పడేదాన్ని. మూడ్‌బోర్డుల గురించి నన్నడక్కండి, డేట్ల గురించి చెప్తా.

ప్యారిస్‌లో సెప్టెంబరు, అక్టోబరుల్లో ర్యాంప్ మీద చూపించేది వచ్చే ఏడాది సమ్మర్ బట్టలు. బయ్యర్లు చూసి, ఆర్డర్ రాసి, కుట్టించి, షాపులకి చేరేదాకా ఆర్నెల్లు చేతిలో ఉంటాయి. మన ఢిల్లీ ఫ్యాషన్ వీక్ కూడా చాలా ఏళ్లు అదే లెక్క, మార్చిలో ఆటమ్ వింటర్, అక్టోబర్లో స్ప్రింగ్ సమ్మర్. ముంబైలో లాక్మే ఫ్యాషన్ వీక్ వాళ్లు మాత్రం ఎండాకాలం ముందు సమ్మర్ రిసార్ట్, పండగల ముందు వింటర్ ఫెస్టివ్ అని పెట్టుకున్నారు. నన్నడిగితే ఇదే కరెక్టు, కోట్లు కొనుక్కునేంత చలి మనకెక్కడుంది, పెళ్లిళ్లు, దసరా, దీపావళి ఇవే మన సీజన్లు. కాకపోతే కొత్తవాళ్లకి చిక్కు ఇక్కడే, షోకీ పండక్కీ మధ్య గ్యాప్ ఉండదు, ర్యాంప్ దిగిన మర్నాడే ఎప్పుడిస్తారు అని అడుగుతారు.

మీలో చాలామంది హ్యాండ్లూమ్ వాడుతున్నారట, సంతోషం. 2006లో లాక్మే వాళ్లు కొత్త డిజైనర్ల కోసం పెట్టే జెన్‌నెక్స్ట్ షోలో డిజైనర్ రాహుల్ మిశ్రా మొదటిసారి చూపించింది కేరళ నేతబట్టే. 2014లో మిలాన్‌లో ఇంటర్నేషనల్ వూల్‌మార్క్ ప్రైజ్ కొట్టాడు, మనవాళ్లలో మొదటివాడు, 2020 జనవరికి ప్యారిస్ కుట్యూర్ వీక్‌లో ఉన్నాడు. ఈ కథ మీకు క్లాసులో చెప్పే ఉంటారు, నేతకి ఎంత టైమ్ పడుతుందో మాత్రం చెప్పరు.

పోచంపల్లి తీసుకోండి. పేక దారాన్ని, అంటే అడ్డంగా నేసే దారాన్ని, ముందు ఆసు పొయ్యాలి, అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చెక్క మీద దారాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి, ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరుగుతుంది. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు మెషిన్ తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. ఆసు అయ్యాక డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ముక్కల్తో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ ఇంకోచోట కట్టి ఇంకో రంగు. ఇదంతా మగ్గం ఎక్కకముందు సంగతి. వానలొస్తే పోగులు ఓ పట్టాన ఆరవు, గుంట మగ్గాల్లో చెమ్మ ఊరుతుంది, మీ ఫెస్టివ్ కలెక్షన్ నెయ్యాల్సింది సరిగ్గా అప్పుడే! అందుకే రంగుల పని వానలకి ముందే ముగించేయండి.

ఇంకోటి. అన్నా, ఈ కలర్లో మూడు మీటర్లు నేసివ్వవా అని నేతన్నకి ఫోన్ చేస్తారు. ఆయనేం చేస్తాడు పాపం, ఒకసారి పడుగు, అంటే నిలువు దారాలు, మగ్గానికి ఎక్కిస్తే ఆరేడు చీరల బట్ట వస్తుంది, మీ మూడు మీటర్ల కోసం మగ్గం ఆపుతాడా. తెలివైన పిల్లలు ఏం చేస్తారంటే పడుగు మొత్తం తామే తీసుకుంటారు, బూడిద రంగో ముదురు నీలమో ప్లెయిన్‌గా, తర్వాత పేక మార్చుకుంటూ పోతారు. అదే పడుగులో ఎర్ర పేక పడితే ఒక షేడ్, పసుపు పడితే ఇంకోటి, చిటికి కట్టిన, అంటే ఇందాక చెప్పినట్టు కట్టి రంగులద్దిన పేక పడితే డిజైన్. ఆరు లుక్కులు, ఒకటే వార్పు. కలర్ స్టోరీ అదిరింది అని జ్యూరీ మెచ్చుకుంటుంది, ఖర్చు కలిసొస్తుందని చేశాం అని మీరు చెప్పక్కర్లేదు.

బయ్యర్ల విషయం రెండు ముక్కల్లో చెప్తా. పన్నెండు లుక్కులు చూపించినా ఆర్డర్ తీసుకునేవి నాలుగైదే పెట్టుకోండి, మిగతావి షో కోసమే అని మొహమాటం లేకుండా చెప్పేయండి. లైన్‌షీట్‌లో, అంటే బయ్యర్లకిచ్చే బట్టల లిస్టులో, రేటు పక్కనే డెలివరీకి ఎన్ని వారాలో రాయండి, రిపీట్ ఆర్డర్లో షేడ్ కొంచెం తేడా వస్తుందని కూడా. అడ్వాన్స్ చేతిలో పడకుండా నూలు కొనొద్దు, ఎంత పెద్ద స్టోర్ అయినా సరే.

ఆ వెనక చెయ్యెత్తిన అమ్మాయి, అడుగమ్మా.