మార్కులు కదలనప్పుడు ఏం చూడాలి

అందరికీ నమస్కారం. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌కి మాక్‌లు, అంటే నమూనా పరీక్షలు, రాస్తూ ఒకే మార్కు దగ్గర నెలల తరబడి ఇరుక్కుపోయినవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉన్నారని తెలుసు, మీతోనే మాట్లాడాలని వచ్చాను.

మొదట్లో బాగానే ఉంటుంది. 40తో మొదలై 50, 58, 65 అని ఎక్కుతుంటే పుస్తకం పట్టుకోవడానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వరసగా 65, 66, మళ్ళీ 65. అదే రోజు టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో 92 అని స్క్రీన్‌షాట్ పెడతారు, ఇంట్లో నాన్న "ఈ వారం ఎన్నొచ్చాయిరా" అని అడుగుతారు, నోరు పెగలదు. అందరిలాగా ఈఏపీసెట్‌కే చదువుకున్నా పోయేది కదా అనిపిస్తుంది. ఇది చిన్న బాధ అని నేను అనను. పొద్దున్నే లేచి అంత కష్టపడ్డాక ఫలితం కనిపించకపోతే ఎవరికైనా మనసు విరిగిపోతుంది.

అయితే ఒక లెక్క చూడండి. పేపర్లో 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకి పావు మార్కు కోత. ఒక అమ్మాయి 110 ప్రశ్నలకి జవాబులు పెట్టింది, 75 రైటు, 35 తప్పు, కోత పోను 66.25. రెండు నెలల తర్వాత అదే అమ్మాయి 92 ప్రశ్నలకే పెట్టింది, 71 రైటు, 21 తప్పు, కోత పోను 65.75. ఇంట్లోవాళ్ళకి కనిపించేది అర మార్కు తగ్గడమే. నాకు మాత్రం ఇద్దరు వేరే మనుషులు కనిపిస్తారు! మొదటిసారి పెట్టినవాటిలో నూటికి 68 రైటు, రెండోసారి 77. గుడ్డిగా బబుల్ దిద్దడం మానేసింది, చదివి పెడుతోంది, ఇప్పుడు ఆమెకి మిగిలింది టైము సమస్య. అది వేరే జబ్బు, దాని మందు వేరే. మొత్తం మార్కు ఒక్కటే చూసుకుని ఏడ్చేవాళ్ళకి ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

లీగల్ రీజనింగ్‌లో, అంటే ప్యాసేజీలో ఇచ్చిన సూత్రాన్ని బట్టి జవాబు చెప్పే సెక్షన్లో, ఇంకో చిక్కుంది, బాగా చదివేవాళ్ళకే అది ఎక్కువ. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన నేరాల చట్టం, భారతీయ న్యాయ సంహిత, మీరు తిరగేసి ఉంటారు, దొంగతనం అంటే దురుద్దేశం ఉండాలని గుర్తుంటుంది. పరీక్షలో ప్యాసేజీ మాత్రం "తిరిగి ఇచ్చేద్దామనుకున్నా సరే, అడక్కుండా తీసుకుంటే దొంగతనమే" అనే సూత్రం ఇవ్వొచ్చు. అప్పుడు ఆ సూత్రమే చట్టం, మీకు తెలిసింది పక్కన పెట్టాలి. చదువు పెరిగినకొద్దీ ఇక్కడ మార్కులు తగ్గేవాళ్ళు ఉన్నారు, తెలివి తగ్గిందని కుంగిపోతారు పాపం.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఒక మాట. మీ మార్కు ఆగింది చదివే వేగం దగ్గర కావచ్చు, ఒక్కో ఇంగ్లిష్ ప్యాసేజీ 450 పదాల దాకా ఉంటుంది కాబట్టి. ఆ వేగం వారంలో రాదు, రోజూ ఇంగ్లిష్ దినపత్రికలో సంపాదకీయం టైము పెట్టుకుని చదివితే నెమ్మదిగా వస్తుంది, అది మాక్ మార్కులో కనిపించడానికి ఇంకా ఆలస్యమవుతుంది. ఆ మధ్యకాలంలోనే ఎక్కువమంది వదిలేస్తారు. నాకు బాధనిపించేది అక్కడే.

మార్కు ఆగిందని టెన్షన్‌తో మాక్‌లు పెంచకండి. రోజుకొకటి రాసి, కీ చూసి, బాధపడి పడుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. వారానికి ఒకటి చాలు. మర్నాడు ప్రతి తప్పు పక్కన తెలియక పోయిందా, తొందరలో పోయిందా, రెండు ఆప్షన్ల మధ్య తప్పుది పట్టుకున్నానా అని పెన్సిల్‌తో రాయండి. నాలుగు పేపర్లు పక్కపక్కన పెడితే పోతున్నది ఎక్కడో మీకే కనిపిస్తుంది. నాన్నకి కూడా మార్కు బదులు ఆ కాగితమే చూపించండి, చాలామంది తండ్రులు అర్థం చేసుకుంటారు.

ఇంకొకటి, క్లాట్‌కి వయసు పరిమితి లేదు. మన రాష్ట్రాల లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ కూడా ఉంది, అందులో నెగెటివ్ మార్కులు లేవు, తెలుగులోనూ రాయొచ్చు, ఇంటర్ తర్వాత అయిదేళ్ళ కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ళది. హైదరాబాద్‌లోని జాతీయ లా యూనివర్సిటీ నల్సార్‌లో సీటు రాకపోతే లాయర్ కాలేమన్న భయం పెట్టుకుని పరీక్ష రాస్తే చెయ్యి వణుకుతుంది.

పోయిన ఆదివారం పేపర్ తెచ్చుకున్నవాళ్ళు తీయండి, ముందు లీగల్ సెక్షన్లో తప్పులు చూద్దాం.