గోడ మీద తేలు కొండి

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కీచుమంటోంది, సర్దుకోండి. ఫోటోషాప్ గురించి చెప్పమని పిలిచారు గానీ, టూల్స్ మీకు నాకంటే బాగా వచ్చని ఇందాక టీ తాగేటప్పుడే అర్థమైపోయింది. అందుకని ఒకే ఒక్క బొమ్మ కథ చెప్తాను. కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల కంప్యూటర్ ఆటలో మా టీమ్ కోసం నేను చేసిన స్ప్రే లోగో, అది ఎన్నిసార్లు తగలడిందో, ఎందుకు తగలడిందో.

ఆడనివాళ్లకి ఒక్క ముక్క. ఆటలో గోడకి దగ్గరగా నిలబడి టీ కీ నొక్కితే ఆ గోడ మీద మన గుర్తు పడుతుంది. అంతే. దాని వల్ల పాయింట్లు రావు, తూటాలు రావు, కానీ అవతలివాణ్ణి చంపి వాడు పడ్డచోట మన గుర్తు వేసి వెళ్లడంలో ఉన్న మజా ఉందే, అది దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లో సాయంత్రాలు గడిపినవాళ్లకే తెలుస్తుంది.

మేం ఐదుగురం. టీమ్ పేరు తేళ్లు. నేను నెట్లో మంచి తేలు ఫోటో ఒకటి పట్టుకుని, వెనకాల ఇసుకంతా గంటన్నర కూర్చుని చెరిపి, 64 బై 64 పిక్సెళ్లకి కుదించి గోడ మీద వేశాను. పక్క సీటు వాడు చూసి, "ఏంట్రా, బల్లి చచ్చిపోయిందా?" అన్నాడు.

వాడి తప్పేం లేదు. ఆట 2003 నాటిదే అయినా దాని కింద ఉన్న ఇంజిన్, అంటే ఆటని నడిపించే సాఫ్ట్‌వేర్, 1998లో వచ్చిన హాఫ్-లైఫ్ అనే ఆటది. ఆ రోజుల్లో కంప్యూటర్ మెమరీ ఎంతుండేదో మీ నాన్నల్ని అడగండి. అందుకే దానికి అన్నీ పొదుపే. బొమ్మలో 256 రంగులే ఉండాలి, పొడవూ వెడల్పూ 16 గుణిజాల్లోనే ఉండాలి. లోగో దాచే వ్యాడ్ ఫైల్లో మన బొమ్మ ఒకటి కాదు, నాలుగు ఉంటాయి: అసలుది, దాంట్లో సగం, పావు, అరపావు. దగ్గరికెళ్తే పెద్దది, దూరంగా నిలబడితే చిన్నది చూపిస్తుందన్నమాట. అంటే మీరు చేసిన 64 పిక్సెళ్ల కళాఖండం అవతలివాడికి ఒక్కోసారి 8 బై 8గా కనిపిస్తుంది. ఎనిమిది చుక్కల్లో తేలుకి ఎనిమిది కాళ్లెలా పెడతారు?

ఈ బాధ మనకి కొత్తది కాదు, ఎన్నికల గుర్తులు చూడండి. సైకిల్, ఫ్యాన్, కారు. 2022 మునుగోడు ఉప ఎన్నికప్పుడు రోడ్డు రోలర్ లాంటి గుర్తులు తమ కారు గుర్తును పోలి ఉన్నాయని టీఆర్‌ఎస్ వాళ్లు కోర్టు దాకా వెళ్లారు. నిజం రోడ్డు రోలర్నీ కారునీ రోడ్డు మీద చూసి పొరబడేవాడెవడూ ఉండడు, కానీ చిన్న గడిలో నల్లటి ఆకారం అయ్యేసరికి రెండూ చక్రాల మీద డబ్బాలే. గుర్తు గీసేవాడు ముందు చూసుకోవాల్సింది లోపలి అందం కాదు, బయటి గీత.

అందుకే రెండోసారి ఫోటో జోలికి పోలేదు. ఫోటోషాప్ లాంటిదే అయిన గింప్ అనే ఫ్రీ టూల్‌లో 16 బై 16 ఖాళీ కాగితం తెరిచి, బాగా జూమ్ చేసి, బ్రష్ కాకుండా పెన్సిల్ టూల్‌తో ఒక్కో చుక్కా పెట్టాను. ముందు కాళ్లు పోయాయి, తర్వాత డెక్కలు పోయాయి, చివరికి ఒళ్లే పోయింది. మిగిలింది పైకి వంగిన కొండి. దాన్నే పెద్దది చేసి 64లో మళ్లీ సాపు చేశాను.

సాపు చేసినప్పుడే ఇంకో దెబ్బ తగిలింది. ఈ లోగోల్లో పారదర్శకం అంటే ఫోటోషాప్‌లో మీరు చూసే చదరంగం గళ్లు కాదు. 0 నుంచి 255 దాకా రంగుల పట్టిక ఉంటుంది, ఆ చివరి గడిలో ఉన్న రంగు ఆటలో కనిపించదు. అక్కడ పక్కా నీలం పెట్టడం అలవాటు. నేను బ్రష్ వాడేసరికి అంచుల్లో నలుపూ నీలమూ కలిసి ముదురు నీలాలు పుట్టాయి, అవి చివరి గడిలోవి కావు కాబట్టి మాయం కాలేదు. కొండి చుట్టూ సిరా కారినట్టు నీలం! మెత్తటి అంచులు ఆపేసి, బొమ్మని ఇండెక్స్‌డ్‌కి, అంటే ఆ 256 రంగుల పట్టికకి, మార్చేటప్పుడు డిదరింగ్ (లేని రంగు కోసం రెండు రంగుల చుక్కలు కలిపి చల్లడం) కూడా ఆపేస్తే పోయింది. దీనికి నాకు మూడు రోజులు, 120 రూపాయలు పట్టాయి, గంటకి 20 చొప్పున.

తర్వాత వ్యాలీ అనే పాత ఫ్రీ టూల్‌తో వ్యాడ్ చేసి, లోపల బొమ్మకి లోగో అని పేరు పెట్టి, ముందు ఒక ఫ్లవర్ బ్రాకెట్ తగిలించి, టెంప్‌డెకల్ పేరుతో ఆట తాలూకు సీస్ట్రైక్ ఫోల్డర్లో పడేశాను. ఆ ఫైల్ని రీడ్ ఓన్లీ, అంటే ఎవరూ మార్చలేనట్టు, చెయ్యకపోతే ఆట తన సొంత లోగోని దాని మీద రాసేస్తుంది, అది మాత్రం మర్చిపోకండి. నెట్ సెంటర్లో ఇంకో గోల, సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే మనం పెట్టినవన్నీ ఎగిరిపోయేవి. కాబట్టి పెన్ డ్రైవ్ జేబులో పెట్టుకునే తిరిగేవాణ్ణి.

ఆటలోని డస్ట్ 2 అనే మ్యాప్‌లో మొదటిసారి వేశాం. దగ్గర్నుంచి అద్భుతంగా ఉంది, నిగనిగలాడే కొండి. దూరం నుంచి, అదే 8 బై 8లో, అచ్చం ప్రశ్నార్థకంలా ఉంది. మమ్మల్ని తేళ్లు అని ఒక్కడూ పిలవలేదు, "క్వశ్చన్ మార్క్ గాళ్లొచ్చార్రా" అనేవాళ్లు. నెల తర్వాత టీమ్ పేరే మార్చేసుకున్నాం.