జాతర సీను లెక్కెక్కడ? సినిమా నిధికి ప్రాజెక్టుల ఎంపిక

అందరికీ నమస్కారం. సినిమా నిధి ఎవరికివ్వాలో నిర్ణయించే మీ చేతికి రేపటి నుంచి స్క్రిప్టుల కట్టలు వస్తాయి. అందులో బాగా రాసింది ఏదో చెప్పడం తేలికే. ఇచ్చే డబ్బుతో, ఆ దర్శకుడి చేతిలో ఫస్ట్ కాపీ దాకా, అంటే పూర్తయిన సినిమా దాకా, వచ్చేది ఏదో తేల్చడం దగ్గరే కష్టమంతా.

ఈ పని మనదేశానికి కొత్త కాదు. 1951 నాటి ఎస్.కె. పాటిల్ కమిటీ చెప్పిన మీదట 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ పెట్టారు. 1969లో మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’కి డబ్బు అక్కడిదే. 1980లో ఆ సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో) కలిసిపోయింది. ఈమధ్య కేరళ ప్రభుత్వం మహిళా దర్శకుల పథకంలో సినిమాకు కోటిన్నర దాకా పెట్టింది. ఇవాళ్టి మన లెక్కలకు ఆ కోటిన్నరనే కొలతగా పెట్టుకుందాం.

స్క్రిప్టు మొదటిసారి ఒక్క కూర్చోవడంలో, పెన్ను పట్టుకోకుండా చదవండి. రెండోసారి మాత్రం పక్కన బడ్జెట్టూ షెడ్యూలూ ఉండాలి. ‘జాతర. జనం.’ అని స్క్రిప్టులో రెండే మాటలుంటాయి. బడ్జెట్లో జూనియర్ ఆర్టిస్టుల పద్దు తిరగేస్తే రోజుకు ఇరవై మంది. మూడు వందల మంది కావాలంటే తలకు 800 అనుకున్నా రాత్రికి 2,40,000. రెండు రాత్రులకు 4,80,000. భోజనాలు, బండ్లు, జనరేటరు అదనం. జాతరను చప్పుళ్లతో, నాలుగు మొహాలతో తీస్తానని ట్రీట్‌మెంట్‌లో, అంటే సినిమా ఎలా తీస్తాడో చెప్పే కాగితంలో, రాసి ఉంటే సరే, అది దర్శకుడి తెలివి. రాయకపోతే ఇంటర్వ్యూలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

షెడ్యూలు కూడా ఇలాగే పట్టిస్తుంది. 110 పేజీలు, 24 రోజులు అని ఉంటుంది. అందులో ఎక్స్‌టీరియర్ నైట్, అంటే ఆరుబయట రాత్రి సీన్లు, 40 పేజీలు. లైటింగుకే సగం రాత్రి పోతుంది కాబట్టి రాత్రికి రెండున్నర పేజీలు దాటవు, అంటే 16 రాత్రులు. మిగిలిన 70 పేజీలు రోజుకు నాలుగు చొప్పున తీసినా పద్దెనిమిది రోజులు. మొత్తం 34, రాసిన 24 కంటే పది ఎక్కువ. యూనిట్ ఖర్చు రోజుకు రెండున్నర లక్షలైతే, ఆ పది రోజులకు పాతిక లక్షలు ఎక్కడా లేవు. ఇలాంటి సినిమా షూటింగులో ఆగదు, ఎడిటింగ్ టేబుల్ మీద ఆగుతుంది. ఎందుకంటే అప్పటికి డీఐకి (రంగులు సరిదిద్దే పనికి), ఫైనల్ మిక్స్‌కి (శబ్దాలన్నీ కలిపే పనికి) ఉంచిన డబ్బు షూటింగే తినేసి ఉంటుంది. సెన్సార్, సబ్‌టైటిల్స్, జీఎస్టీ, పది శాతం అత్యవసర నిధి పద్దులున్నాయో లేవో కూడా చూసుకోండి.

కథ హక్కుల కాగితం చాలామంది చూడరు. రచయిత ‘నా కథ తీసుకోవచ్చు’ అని రాసిచ్చిన చీటీ సరిపోదు. కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే హక్కు అయిదేళ్లే. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేనప్పుడు, ఆ హక్కే రద్దవుతుంది. సినిమా పూర్తవడానికి రెండేళ్లు మామూలు! రచయిత పోయి అరవయ్యేళ్లు దాటకపోతే వారసులందరి సంతకాలూ కావాలి. పెద్దకొడుకు ఒక్కడి సంతకం చాలదు.

ఇక మార్కులు. ఒకరి ఏడు ఇంకొకరికి అయిదు. అందుకే మొదట అందరూ అవే మూడు స్క్రిప్టులు చదివి, మార్కులేసి, ఎందుకేశారో మాట్లాడుకోవాలి. తర్వాతే కట్టలు పంచుకోవాలి, అదీ చీటీలు తీసి. ప్రతి స్క్రిప్టూ ముగ్గురి చేతుల్లోంచి వెళ్లాలి. సగటుతో చిక్కేమిటంటే, 7, 7, 7 వచ్చింది పైకెళ్తుంది, 9, 8, 3 వచ్చింది కిందపడుతుంది. మొదటిది చాలాసార్లు ఎవరికీ అభ్యంతరం లేని, ఎవరికీ గుర్తుండని స్క్రిప్టు. కాబట్టి మార్కుల తేడా నాలుగు దాటితే సగటు తీయొద్దు, చర్చకు తెండి. మూడు వేసినవాళ్లే ముందు మాట్లాడాలి.

దరఖాస్తుదారు మీ శిష్యుడో, చుట్టమో, పాత నిర్మాతో అయితే మార్కులు వేయకపోవడంతో సరిపోదు. ఆ చర్చ జరిగినంతసేపూ గది బయట ఉండాలి. మీరెదురుగా ఉంటే మిగతావాళ్ల నోరు పెగలదు.

చివర్లో ఒక ఆశ పుడుతుంది: ‘ఇద్దరికిచ్చే డబ్బు నలుగురికి పంచుదాం.’ ఇది మంచితనంలా కనిపించే పొరపాటు. డెబ్బయ్యయిదు లక్షలకు రాసుకున్న సినిమా వేరు, కోటిన్నర సినిమాను సగానికి కోసింది వేరు. కోసింది పూర్తి కావాలంటే మిగతా సగం ఎక్కడిదో కాగితం మీద చూపించాలి, లేకపోతే సాగదు. పంచేకంటే వెయిటింగ్ లిస్టులో రెండు పేర్లు పెట్టడం నయం. ఎంపికైనవాళ్లలో ఒకరు గడువులోగా ఒప్పందం మీద సంతకం పెట్టలేకపోవచ్చు.

ఒక్కో స్క్రిప్టు మూసిన వెంటనే దానిమీద రెండు వాక్యాలు రాసిపెట్టుకోండి, పేజీ నంబరుతో సహా. రానివాళ్లకు పంపే ఉత్తరంలో పనికొచ్చేవి అవే. మూడు వారాలు పోయాక, ఇరవయ్యో స్క్రిప్టు దగ్గర, ఏ జాతర ఏ కథలోదో ఎవరికీ గుర్తుండదు.