పచ్చగా మెరిసేది కాల్షియం కాదు

సూక్ష్మదర్శినితో తీసిన ఒక బొమ్మ తెర మీద ఉందనుకోండి, అందులోని కణాన్ని కాస్త నిదానంగా చూడండి. ఇది చిన్నమెదడులోని పర్కింజీ కణం. కింద గుండ్రటి కణదేహం, దాని నుంచి పైకి కొమ్మలూ రెమ్మలుగా విచ్చుకున్న డెండ్రైట్లు, అంతా పచ్చటి వెలుగే. పక్కన కిక్కిరిసి ఉన్న గ్రాన్యూల్ కణాలు మాత్రం చీకట్లో ఉండిపోయాయి. ఇది చూడగానే చాలామంది "అబ్బో, ఇక్కడ కాల్షియం దండిగా ఉందన్నమాట" అంటారు. కాదండీ. మెరుస్తున్నది యాంటీబాడీకి, అంటే ఫలానా ప్రోటీన్‌నే గుర్తుపట్టి పట్టుకునే అణువుకి, అతికించిన రంగు. ఆ యాంటీబాడీ పట్టుకున్నది కాల్‌బిండిన్ అనే ప్రోటీన్‌ని. కాల్షియాన్ని పట్టి ఉంచడం ఆ ప్రోటీన్ పని.

కాల్‌బిండిన్ బరువు సుమారు 28 కిలోడాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం), యాంటీబాడీది 150. అంత పెద్దది కణపొర దాటి తనంతట తాను లోపలికి పోలేదు. అందుకని ముందు పారాఫార్మాల్డిహైడ్‌తో కణంలో ఉన్నవన్నీ ఎక్కడివక్కడ బిగించేసి, ఆ తర్వాతే ట్రైటన్ లాంటి డిటర్జెంట్‌తో పొరకు చిల్లులు పెడతారు. ఈ వరుస తప్పితే పని గోవిందా! కాల్‌బిండిన్ కణద్రవంలో తిరిగే చిన్న ప్రోటీన్ కదా, బిగించకుండా చిల్లు పెడితే బయటికి జారిపోతుంది. అన్నట్టు, ఈ బొమ్మలో కణాలేవీ బతికి లేవు. బతికున్న కణంలో కాల్షియం హెచ్చుతగ్గులు చూడాలంటే జీక్యాంప్, ఫ్లూవో-4 లాంటి, కాల్షియం తగిలితే మెరిసే సూచికలు కావాలి, ఆ కథ వేరు.

యాంటీబాడీకి మెరిసే రంగు కట్టే పద్ధతికి ఆద్యుడు ఆల్బర్ట్ కూన్స్ అనే శాస్త్రవేత్త. 1940ల మొదట్లో హార్వర్డ్‌లో న్యూమోకాకస్ బ్యాక్టీరియా మీద చేసి చూపించాడు. ఇప్పుడు ఎక్కువగా వాడే అలెక్సా ఫ్లోర్ 488 అనే రంగు, పాత రంగు ఫ్లోరెసీన్ అంత తొందరగా వెలిసిపోదు. అలాగని ఎంత రంగు అతికిస్తే అంత మెరుపు రాదు. రంగు అణువులు మరీ దగ్గరైతే ఒకదాని వెలుగును ఇంకొకటి మింగేస్తుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే చిక్కు ఇంకోటుంది. కాల్షియం అంటుకోగానే ఇలాంటి ప్రోటీన్ల ఆకారం మారుతుంది. కొన్ని యాంటీబాడీలు ఆ మారిన రూపాన్నే బాగా గుర్తుపడతాయి. కణాలను నానబెట్టే మీ ద్రావణం, అంటే బఫర్‌లో ఈడీటీఏ అనే రసాయనం ఉందనుకోండి, అది కాల్షియాన్ని లాగేసుకుంటుంది. ప్రోటీన్ ఎక్కడికీ పోలేదు, మెరుపు మాత్రం తగ్గింది. బఫర్ సంగతి చూసుకోకుండా "ఇక్కడ ప్రోటీన్ తక్కువ" అని రాసేస్తే తప్పు రాసినట్టే.

అందుకే ఎవరైనా ఇలాంటి పచ్చటి బొమ్మ చూపిస్తే నేను దాని జోడీ బొమ్మ అడుగుతాను: కాల్‌బిండిన్ జన్యువు తీసేసిన చుంచెలుక చిన్నమెదడు ముక్క, దానికీ అదే యాంటీబాడీ. పట్టుకోవడానికి ఆ ప్రోటీనే లేదు కాబట్టి అది నల్లగా రావాలి. రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌తో తీసి ఉండాలి. ఒక్కదానికే బ్రైట్‌నెస్ పెంచి ఉంటే ఆ పోలిక చెల్లదు.