సౌలు ఈటె విసిరినప్పుడు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

నాకిచ్చిన అంశం శ్రమల్లో విశ్వాసం. ఈ మాట అనగానే మనకు సింహాల గుహ, అగ్నిగుండం, చెరసాల గుర్తొస్తాయి. నేను మాత్రం ఇంటి గురించి మాట్లాడతాను. బయటివాళ్ళు తిడితే ఇంటికొచ్చి ఏడవచ్చు. ఇంట్లోవాళ్ళే తిడితే, కొడితే, ప్రార్థనకు వెళ్ళొచ్చావని అన్నం పెట్టకపోతే ఎక్కడికి వెళ్ళి ఏడవాలి?

దావీదు అనగానే గొల్యాతును తలచుకుంటాం. కానీ అతని మీద ఎక్కువ కాలం పగబట్టింది సొంత మామ, ఇశ్రాయేలు రాజు సౌలు. సౌలు కూతుర్ని ఇస్తానన్నదే శత్రువులైన ఫిలిష్తీయుల చేతిలో అల్లుడు చావాలని. పెళ్ళికి ముందే ఈటె విసిరాడు. తర్వాత కొడుకు యోనాతాను బతిమాలితే, దావీదును చంపనని యెహోవా పేరున ఒట్టు వేశాడు. ఆ ఒట్టు నమ్మి దావీదు తిరిగి వచ్చాడు, మునుపటిలాగే కొలువులో కూర్చుని వీణ వాయించాడు. మళ్ళీ ఈటె లేచింది. అది గోడకు గుచ్చుకుంది, దావీదు తప్పించుకున్నాడు. ఆ రాత్రే సౌలు మనుషులు ఇల్లు చుట్టుముడితే, భార్య మీకాలు అతన్ని కిటికీలోంచి దింపి పంపేసింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. దావీదు పారిపోయాడు. దేవుని మీద నమ్మకం లేక పారిపోయాడని లేఖనం ఎక్కడా అనలేదు. ఇల్లు చుట్టుముట్టిన ఆ సందర్భానిదే 59వ కీర్తన అని దాని పైన రాసి ఉంది. చదవండి, ఎంత సూటిగా ఉంటుందో. నా దోషాన్ని బట్టి కాదు, నా పాపాన్ని బట్టి కాదు, ఊరికే నా మీదికి వస్తున్నారు అంటాడు. హింస పడుతున్న మనిషిని "నీలో ఏదో పాపం ఉండి ఉంటుంది, సరిచూసుకో" అనే వాళ్ళు మన సంఘాల్లో చాలామంది. నాకైతే ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. అదే కీర్తన చివర్లో, ఉదయాన నీ కృపను గూర్చి పాడతాను అంటాడు. ప్రాణం కాపాడుకోవడానికి పరుగెత్తుతూనే పాడాడు.

తర్వాత ఏన్గెదీ గుహలో సౌలే దావీదు చేతికి చిక్కాడు. దావీదు చంపలేదు, అతని వస్త్రపు చెంగు మాత్రం కోశాడు. సౌలు బోరున ఏడ్చి, నువ్వు నాకంటే నీతిమంతుడివి అన్నాడు. ఎంత గొప్ప సమాధానం! కానీ ఆ అధ్యాయం చివరి వచనం మనం చదవకుండా వదిలేస్తాం. సౌలు ఇంటికి వెళ్ళాడు, దావీదు తన వాళ్ళతో కొండ స్థలానికి వెళ్ళాడు. మరోసారి సౌలు "నాయనా, తిరిగి రా, ఇక నీకు కీడు చేయను" అని పిలిచాడు. అప్పుడు దావీదు చేతిలో సౌలు ఈటె ఉంది. అది తిరిగి ఇచ్చాడు గానీ, నీ పనివాళ్ళలో ఒకణ్ణి పంపి తెప్పించుకో అన్నాడు. తాను దగ్గరికి వెళ్ళలేదు.

క్షమించడం, తిరిగి ఆ ఈటె అందే దూరంలో కూర్చోవడం ఒకటి కాదు. దావీదు మొదటిది చేశాడు, రెండోది చేయలేదు. సౌలు చనిపోతే విలాపగీతం పాడాడు, అతని మనవణ్ణి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. అంత ప్రేమ ఉన్నవాడే దూరంగా ఉన్నాడు.

మత్తయి 10లో "ఒక మనుష్యుని యింటివారే అతనికి శత్రువులగుదురు" అన్న మాట మనకు కంఠతా వచ్చు. అదే అధ్యాయంలో, ఒక పట్టణంలో హింసిస్తే మరో పట్టణానికి పారిపొమ్మని ప్రభువే చెప్పాడు. మొదటి మాట చెప్పి రెండోది దాచిపెడితే అది సగం బోధ.

ఇంకో సంగతి. "ప్రార్థించు, ఇల్లంతా మారిపోతుంది" అని ధైర్యం చెబుతుంటాం. మారవచ్చు. యేసు సహోదరులు మొదట ఆయన్ని నమ్మలేదు, ఆయనకు మతి చలించిందని ఇంటివాళ్ళే పట్టుకోవడానికి వచ్చారు. ఆయన ఆరోహణమయ్యాక ఆ సహోదరులే మేడగదిలో ప్రార్థిస్తూ కనిపిస్తారు. కానీ సౌలు మారలేదు. మీ ఇంట్లోవాళ్ళు మారకపోతే అది మీ ప్రార్థనలో లోపం అనుకోకండి.

తండ్రి చేతిలో దెబ్బలు తిన్న పిల్లకు "పరలోకమందున్న మా తండ్రీ" అనడానికి నోరు రాకపోవచ్చు. తొందరపెట్టకండి. యోహాను 9లో యేసు వల్ల చూపు వచ్చిన గుడ్డివాడికి అండగా నిలబడాల్సిన తల్లిదండ్రులు, యూదులకు భయపడి "వాడు వయసు వచ్చినవాడు, వాణ్ణే అడగండి" అని తప్పుకున్నారు. తర్వాత ఆ యూదులు అతన్ని వెలివేశారు. వెలివేశారని విని, యేసే వెళ్ళి అతన్ని కలుసుకున్నాడు. అప్పటికి అతనికి యేసు ఎవరో కూడా సరిగ్గా తెలియదు. విశ్వాసం ఒప్పుకున్నది ఆ తర్వాతే.

సంఘ పెద్దలారా, ఒక మాట. ఇంట్లో దెబ్బలు తిన్న మనిషి మీ దగ్గరికి వస్తే వెంటనే వాక్యం తెరవకండి. ఈ రాత్రి ఎక్కడ ఉంటావు, తిన్నావా, పిల్లలు ఎక్కడున్నారు అని అడగండి. డాక్టర్ దగ్గరికి, అవసరమైతే పోలీసుల దగ్గరికి తోడు వెళ్ళండి. యోనాతాను, మీకాలు, పారిపోయి వచ్చిన దావీదును చేర్చుకున్న ప్రవక్త సమూయేలు, ముగ్గురూ కలిస్తేనే దావీదు ప్రాణం నిలిచింది. మీ సంఘంలో ఆ పని ఎవరు చేస్తారో ఈ వారంలోనే కూర్చుని మాట్లాడుకోండి.